ఏడాది లెక్కలో మిగులు, నెల లెక్కలో అప్పు

పైసల ప్రశ్నలు: పాఠకుల ఉత్తరాలకు, చిత్తూరులో డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెప్పి రిటైరై ఇప్పుడు తిరుపతిలో ఉంటున్న లెక్చరర్ గారి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు. జీతం తక్కువని కొందరు, జీతం ఎప్పుడొస్తుందో తెలియదని కొందరు. రెండో రకం వాళ్ల గురించి మనం తక్కువగా మాట్లాడుకుంటాం. అందుకే వాళ్ల ఉత్తరమే ముందు తీసుకుంటున్నాను. జవాబు కొంచెం పొడుగైంది, ఓపిక పట్టండి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా ఆయనది సొంత టాక్సీ. కొండకీ, కాణిపాకానికీ, శ్రీకాళహస్తికీ ట్రిప్పులు వేస్తాడు. డీజిల్, ఫైనాన్స్ కంతు పోను ఏడాదికి రెండున్నర లక్షల పైనే ఇంటికొస్తుంది. మా తమ్ముడు ఒక ప్రైవేటు ఆఫీసులో నెలకు 18,500కి చేస్తున్నాడు. ఏడాదికి చూస్తే వాడిదే తక్కువ. అయినా వాడికి అప్పు లేదు, మాకు తీరదు. నాకు పొదుపు చేతకాదని మా అమ్మ అందరి ముందూ అంటుంది. తప్పు నాదేనా?
(ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి)

జవాబు: అమ్మా, ఉత్తరం వెనకాల నెలవారీ లెక్క రాసి పంపారు చూడండి, అది చాలా మంచి పని చేశారు. అందులోంచే చెబుతాను. ఐదు నెలలు 32,000 చొప్పున, నాలుగు నెలలు 18,000 చొప్పున, మూడు నెలలు 8,000 చొప్పున. మొత్తం 2,56,000. మీ తమ్ముడికి 2,22,000. మీ ఇంటి ఖర్చు నెలకు 19,000 అని రాశారు, అంటే ఏడాదికి 2,28,000. కాగితం మీద మీకు 28,000 మిగలాలి.

కానీ బియ్యం కొట్టతను ఏడాది సగటు తీసుకోడు కదా. 8,000 వచ్చిన నెలలో మీకు 11,000 తక్కువ పడింది. మూడు నెలలకు 33,000. అది మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకు నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం. ఆ 33,000 ఆరు నెలలు మీ మీద ఉంటే వడ్డీయే 5,940. సీజన్ వచ్చి చేతిలో డబ్బు పడేసరికి జూన్, స్కూలు ఫీజులు. అసలు పూర్తిగా తీరదు, మిగిలిన దాని మీద మళ్లీ వడ్డీ. మీ తమ్ముడికి ఈ ఖర్చే లేదు. మీ సంపాదన ఊగుతున్నందుకు కడుతున్న జరిమానా ఇది. మీ పొదుపుకీ దీనికీ సంబంధం తక్కువ.

మిల్టన్ ఫ్రీడ్‌మన్ అనే అమెరికా ఆర్థికవేత్త 1957లో ఒక వాదన పెట్టాడు. మనిషి ఈ నెల వచ్చినదాన్ని బట్టి ఖర్చు పెట్టడు, దీర్ఘకాలంలో తనకు రాగలిగిన ఆదాయాన్ని బట్టి పెడతాడు అని. అనుకోకుండా ఎక్కువ వస్తే దాస్తాడు, తక్కువైతే దాచినది తీస్తాడు, లేదంటే అప్పు తెస్తాడు. క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు "అప్పు ఎవరిస్తారు మేడమ్?" అనేవారు. తర్వాతి తరం పరిశోధకులు పట్టుకున్నదీ ఆ ప్రశ్ననే. తక్కువ వడ్డీకి అప్పు దొరకని ఇంటికి ఫ్రీడ్‌మన్ చెప్పినట్టు నడవడం కుదరదు. బ్యాంకు జీతం స్లిప్పు అడుగుతుంది. మీ తమ్ముడి దగ్గర అది ఉంది, మీ ఆయన దగ్గర లేదు.

ఇంకో సంగతి. ఆదాయం ఊగడంలో రెండు రకాలున్నాయి. పిల్లల పరీక్షల రోజుల్లో యాత్రికులు తగ్గుతారు, ఎండాకాలం సెలవుల్లో, బ్రహ్మోత్సవాలప్పుడు పెరుగుతారు. ఇది ముందే తెలుసు, కనుక దీనికి ఏర్పాటు చేసుకోవచ్చు. రెండోది ఎవరూ ఊహించనిది. 2020 మార్చి 20 నుంచి తిరుమలలో భక్తులకు దర్శనాలు ఆగిపోయి, మళ్లీ అందరికీ మొదలైంది జూన్ 11న. టాక్సీవాళ్లను ఏడాదంతా నిలబెట్టే ఏప్రిల్, మే నెలలే తుడిచిపెట్టుకుపోయాయి. ఆ రెండు నెలల్లో ప్రభుత్వ జీతగాళ్లకూ మాలాంటి పెన్షనర్లకూ కొంత డబ్బు ఆలస్యమైంది, తర్వాత వచ్చింది. పూలమ్మేవాళ్లకు, లాడ్జీల్లో పనిచేసే కుర్రాళ్లకు, మీ ఆయనకు ఆ డబ్బు ఇప్పటిదాకా రాలేదు, రాదు కూడా. పెద్ద దెబ్బ తీసే రిస్కు ఇదే.

అసమానత అంటే ఎవరికెంత వస్తుంది అన్న పట్టికే అందరికీ గుర్తొస్తుంది. 1994లో పీటర్ గాట్‌షాక్, రాబర్ట్ మాఫిట్ అనే ఇద్దరు అమెరికా కార్మికుల సంపాదనను ఏళ్ల తరబడి వెంబడించి ఆ పట్టికను రెండుగా విడదీశారు. ఒకటి, శాశ్వతంగా ఒకరిది ఎక్కువ, ఒకరిది తక్కువ అయిన తేడా. రెండోది, అదే మనిషి సంపాదన ఏడాదికీ ఏడాదికీ ఎగిరిపడే తేడా. పెరిగిన అసమానతలో చెప్పుకోదగ్గ భాగం రెండోదాని నుంచే వచ్చిందని వాళ్లు తేల్చారు. ఈ విడదీత మీకెందుకంటే, రెండింటికీ మందు వేరు. శాశ్వతంగా తక్కువ వచ్చేవాడికి పొదుపు పాఠాలు చెప్పి లాభం లేదు, జీతం పెరగాలి. మీది రెండో రకం. దీన్ని ఇంట్లో కొంత సర్దుకోవచ్చు.

ఎలాగంటే, మీ ఇంటికి మీరే ఒక జీతం పెట్టండి. టాక్సీ డబ్బు మొత్తం ఒక ఖాతాలో పడాలి. ఒకటో తేదీన అందులోంచి 19,000 ఇంకో ఖాతాకు మార్చుకోండి, నెలంతా దాంతోనే. 32,000 వచ్చిన నెలలోనూ 19,000 మాత్రమే. మీ ఆయనకు ఇది నచ్చకపోవచ్చు, మే నెలలో చేతిలో డబ్బు ఆడుతుంటే ఎవరికి నచ్చుతుంది! ఈ సీజన్లో మొదటి మిగులు మాత్రం బీరువాకో ఫోనుకో పోకూడదు, మూడు రూపాయల అప్పుకే పోవాలి. 36 శాతం వడ్డీ తప్పించడాన్ని మించిన రాబడి మీకు ఏ బ్యాంకూ ఇవ్వదు. అప్పు ఇంకా మిగిలిపోతే, పొదుపు సంఘంలో ఉన్నారు కనుక బ్యాంకు లింకేజీ లోను అడిగి వడ్డీ వ్యాపారి అప్పు తీర్చేయండి. నగలు కుదువ పెట్టక తప్పకపోతే బ్యాంకులో పెట్టండి.

చీటీ వేయమంటారా అనీ అడిగారు. వద్దు. చీటీ జీతగాళ్లకు సరిపోయే ఏర్పాటు. ప్రతి నెలా అదే మొత్తం కట్టాలి. 8,000 వచ్చిన నెలలో చీటీ కట్టడానికి మళ్లీ మూడు రూపాయల వడ్డీకే పోతారు. అలాంటి ఇళ్లు నాకు తెలిసినవే మా వీధిలో ఉన్నాయి.

మీ అమ్మగారికి ఈ జవాబు చదివి వినిపించండి. అందరి ముందే.

ప్రశ్న: నేను శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. నాతోపాటు డిప్లొమా చదివిన ఫ్రెండు పక్క ఫ్యాక్టరీలో. ఒకే మార్కులు, ఇంచుమించు ఒకే పని. వాడికి నాకన్నా 6,000 ఎక్కువ. నాలో ఏం తక్కువ?
(ఒక యువకుడు, రేణిగుంట)

జవాబు: నీలో ఏదో తక్కువని ముందే తేల్చేసుకోకు బాబూ. మనిషి నైపుణ్యాన్ని బట్టే జీతం ఉంటుందని మా తరం పాఠాల్లో చెప్పేవాళ్లం. ఇప్పుడు లెక్కలు వేరే చెబుతున్నాయి. అమెరికాలో 1978 నుంచి 2013 దాకా పెరిగిన జీతాల అసమానతను ఐదుగురు పరిశోధకులు ప్రభుత్వ రికార్డులతో విడదీసి 2019లో ప్రచురించారు. ఆ పెరుగుదలలో మూడింట రెండు వంతులు ఒక కంపెనీకీ ఇంకో కంపెనీకీ మధ్య తేడా. ఒకే కంపెనీ లోపలి తేడా మిగిలిన ఒక వంతే. కంపెనీలే ఈ దూరం పెంచాయని కాదు, ఎక్కువ జీతం తెచ్చుకోగలవాళ్లు కొన్ని కంపెనీల్లోనే పోగవడం వల్ల ఆ తేడా పెరిగిందని వాళ్లు చెప్పారు. అయినా ఏ గేటులోంచి లోపలికి పోతావన్నదానికీ జీతానికీ సంబంధం ఉందన్నమాట. అది అమెరికా లెక్క, ఇక్కడికి అంకెలతో సహా తెచ్చి అతికించకూడదు. కానీ ప్రశ్న ఇక్కడా అడగదగ్గదే.

ముందు నీ అపాయింట్‌మెంట్ కాగితం తీసి చూడు. నువ్వు కంపెనీ రోల్స్ మీద ఉన్నావా, కాంట్రాక్టరు కింద ఉన్నావా? వాడు? చాలాసార్లు తేడా తేలిపోయేది ఇక్కడే. తర్వాత ఇద్దరి స్లిప్పులూ పక్కపక్కన పెట్టి పీఎఫ్, ఈఎస్ఐ, ఓవర్‌టైమ్ తీసేసి మూల వేతనం చూడండి. ఓవర్‌టైమ్ వల్ల వచ్చిన 6,000 అయితే దాని మీద అసూయ పడక్కర్లేదు, ఆర్డర్లు తగ్గిన నెలలో అదే ముందు పోతుంది.

ఇంకొకటి చెప్పి వదిలేస్తాను. ఒడిశాలో ఎమిలీ బ్రెజా, సుప్రీత్ కౌర్, యోగితా శాందసాని కలిసి నెల రోజుల ఫ్యాక్టరీ పని పెట్టి చూశారు. ఒకే జట్టులో ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ కూలీ ఇచ్చారు. తక్కువ వచ్చినవాళ్ల పని పడిపోయింది, కొందరు కూలీ పోయినా సరే అని రావడం తగ్గించేశారు. అయితే ఎవరెంత పని చేస్తున్నారో అందరికీ కళ్లకు కనిపించే చోట ఈ దెబ్బ పెద్దగా లేదు. నీకు మనసు విరిగిందని రాశావు కదా, అది నీ ఒక్కడి బలహీనత కాదని చెప్పడానికి ఇది రాశాను. మీ మేనేజరు ఈ పత్రిక చదివితే ఆయనకూ పనికొస్తుంది.

ప్రశ్న: బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. దామలచెరువు దగ్గర మాకు నాలుగు ఎకరాలు. నాన్న కొంత మామిడి, కొంత వేరుశనగ, అర ఎకరం టమాటా, రెండు ఆవులు. అన్నీ కొంచెం కొంచెమే. లాభం ఎక్కువ వచ్చేది ఒకటే పెట్టమంటే వినడు. ఆయన మొండితనానికి లెక్కలతో జవాబు చెప్పగలరా?
(ఒక పాఠకుడు)

జవాబు: చెప్పగలను నాయనా, కాకపోతే లెక్కలు మీ నాన్నగారి వైపే ఉన్నాయి.

2025లో తోతాపురి మామిడికి ఏమైందో మీకు తెలియనిది కాదు. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయిస్తే, పల్పు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. నాలుగు ఎకరాలూ మామిడే అయివుంటే ఆ ఏడాది మీ ఇంట్లో సంగతి ఊహించుకోండి. టమాటా ధర ఎలా ఊగుతుందో మదనపల్లె మార్కెట్ తెలిసినవాళ్లకు చెప్పే పనే లేదు. డెయిరీకి పోసే పాల డబ్బు పదిహేను రోజులకోసారి చిన్నదైనా వస్తుంది.

హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ 1975 నుంచి కొన్ని పల్లెల్లో ఇంటింటి ఆదాయం, తిండి, పంట, అప్పు అన్నీ రాసిపెట్టింది. ప్రపంచంలో పేద రైతుల రిస్కు గురించి తెలిసినదాంట్లో పెద్ద భాగం ఆ నోటుబుక్కుల నుంచి వచ్చిందే. మార్క్ రోజెన్‌వైగ్, హాన్స్ బిన్స్‌వాంగర్ 1993లో అవే లెక్కలతో ఒక విషయం చూపించారు. వానల అనిశ్చితి పెరిగితే పేద రైతులు సురక్షితమైన, లాభం తక్కువైన వాటికి మళ్లుతారు. ధనిక రైతులు తమ పద్ధతి పెద్దగా మార్చుకోరు. అంటే రిస్కు పేదవాడి సంపాదనను ఊపడమే కాకుండా సగటును కూడా కిందికి లాగుతుంది. తెలివి తక్కువై కాదు, పడితే పట్టుకునేవాళ్లు లేక.

అదే సమాచారంలో మూడు ఊళ్లను, ఒకటి అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాది, రెండు మహారాష్ట్రవి, రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో చూశాడు. ఒక ఇంటి ఆదాయం పడిపోయినా ఆ ఇంటి తిండి అంతగా పడిపోలేదు. ఊరంతటి తిండి ఎలా కదిలితే ఆ ఇంటిదీ ఇంచుమించు అలాగే కదిలింది. చేబదుళ్లు, ధాన్యం అప్పు, బంధువులు, ఇవన్నీ కలిసి బీమాలా పనిచేశాయన్నమాట. అయితే ఒక ఊళ్లో భూమిలేనివాళ్లకు ఆ రక్షణ తక్కువగానే అందింది. అదీ గుర్తుపెట్టుకోవాలి, పల్లెల్లో అందరూ అందరినీ ఆదుకుంటారని కవిత్వం చెప్పేయకుండా.

ఇంకా సరదా సంగతి ఒకటుంది. రోజెన్‌వైగ్, ఓడెడ్ స్టార్క్ 1989లో, పంట రాబడి ఎక్కువగా ఊగే ఇళ్లవాళ్లు ఆడపిల్లలను దూరపు ఊళ్లకు ఇస్తున్నారని గమనించారు. మన ఊళ్లో వాన లేకపోతే వియ్యంకుడి ఊళ్లోనైనా ఉంటుందని. అలా ఇచ్చిన ఇళ్లలో తిండి ఖర్చు తక్కువగా ఊగింది. ఇది చదివినప్పుడు నాకు మా చిత్తూరు వైపు మేనరికాలు గుర్తొచ్చి నవ్వొచ్చింది. రెండు వీధుల అవతల ఇచ్చుకుంటే రెండిళ్ల మీదా ఒకటే మబ్బు!

ఇప్పుడు మీ సంగతికి వస్తాను. మీ నాన్నగారికి అన్నిటికన్నా పెద్ద బీమా బెంగళూరులో ఉంది, అది మీ జీతం. కానీ పండక్కి ఒకసారి యాభై వేలు పంపితే దాన్ని నమ్ముకుని ఎవరూ పంట మార్చరు. ఇంత అని నెలనెలా పంపండి, పంట పోయినా ఈ డబ్బు ఆగదని చెప్పండి. ఒక ఏడాది అలా గడిచాక అర ఎకరం గురించి మాట్లాడండి. నాలుగు ఎకరాల గురించి మాత్రం కాదు.

ప్రశ్న: ఉపాధి పని వచ్చాక కూలీలు దొరకడం లేదు, రేట్లు పెరిగిపోయాయి. దీనివల్ల చివరకు కూలీలకే పని పోతుంది కదా?
(ఒక రైతు, పలమనేరు)

జవాబు: పోతుందన్నది పుస్తకంలో ఉన్న భయమే. కానీ మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించారు. ఉపాధి హామీ డబ్బులు వేలిముద్రల స్మార్ట్‌కార్డుతో ఇచ్చే పద్ధతిని ఏ మండలంలో ముందు పెట్టాలో, ఏ మండలంలో తర్వాత పెట్టాలో లాటరీ తీశారు. 157 మండలాలు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ లెక్క కట్టారు. చెల్లింపులు సరిగ్గా అందిన చోట ఉపాధి పనికి వెళ్లే పేద కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి పని నుంచి కాదు, బయటి పనుల నుంచి వచ్చింది. బయట కూలీ రేటు పెరిగింది, పని దొరకడం కూడా పెరిగింది.

మీ బాధ అబద్ధమని నేను అనడం లేదు. కూలీకి రిస్కు తగ్గితే, "ఈ రేటుకు రాను" అనే ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం ఖర్చు మీ జేబులోంచి పోతోంది. కోతల రోజుల్లో మీ ఊరివాళ్లు కలిసి యంత్రం అద్దెకు తెచ్చుకోవడం గురించి ఆలోచించారా?

ప్రశ్న: ఎస్వీ యూనివర్సిటీలో ఎంఏ ఎకనామిక్స్ చదువుతున్నాను. తిరుపతిలో ఫుడ్ డెలివరీ చేసేవాళ్ల ఆదాయ అనిశ్చితి మీద ప్రాజెక్టు చేయాలనుంది. ప్రభుత్వ సర్వే సరిపోతుందా?
(ఒక విద్యార్థిని)

జవాబు: సరిపోదమ్మా. 2017-18 నుంచి జరుగుతున్న పీఎల్ఎఫ్ఎస్ అనే కేంద్ర ప్రభుత్వ ఉపాధి సర్వేలో జీతగాళ్లను గత నెల జీతం అడుగుతారు, సొంత పని వాళ్లను గత 30 రోజుల ఆదాయం, రోజుకూలీలను గత వారం కూలీ. అసమానతను కొలవడానికి అది బాగుంటుంది. ఒకే మనిషి ఏడాది పొడుగునా ఎలా ఊగాడో అందులో కనిపించదు. ముప్పై మందే ఉండనీ, అదే ముప్పై మందిని వారానికోసారి ఫోన్ చేసి ఏడాదంతా అడుగు. వచ్చిందెంత, పెట్రోలుకు పోయిందెంత, ఎన్ని రోజులు బండి తీయలేదు, ఎందుకు తీయలేదు, అప్పు ఎంత వడ్డీకి తెచ్చారు. బ్రహ్మోత్సవాల వారం, పరీక్షల నెల రెండూ రావాలి. మధ్యలో పని మానేసినవాణ్ని జాబితాలోంచి కొట్టేయకు. నీకు కావలసింది అతని కథే.

విశ్లేషణలో ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) ఒక్కటే వేసి ఊరుకోకు. ఫాతిహ్ గువెనెన్ బృందం 2014లో అమెరికా సోషల్ సెక్యూరిటీ రికార్డులతో చూపించింది ఏమంటే, మాంద్యంలో ఆదాయాల ఊగుడు మొత్తంగా పెద్దగా వెడల్పు కాలేదు. పైకి పెద్ద గెంతులు తగ్గాయి, కిందికి పెద్ద పడిపోవడాలు పెరిగాయి. విచలనం ఒక్కటే చూసేవాళ్లకు ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. కాబట్టి నీ పట్టికలో పడిపోవడాలనూ పెరగడాలనూ వేరువేరుగా చూపించు.

ప్రశ్న: రోజుకూలీకి వెళ్తాం. బ్యాంకులో 436 రూపాయలది, 20 రూపాయలది అని రెండు బీమాలు చెప్పారు. ఏది కట్టాలి?
(ఒక పాఠకురాలు, తిరుచానూరు)

జవాబు: ఒకటే కట్టగలిగితే ముందు 20 రూపాయలది (ప్రధానమంత్రి సురక్షా బీమా). 18 నుంచి 70 ఏళ్ల వారికి, ప్రమాదంలో ప్రాణం పోయినా, పూర్తి అంగవైకల్యం వచ్చినా 2 లక్షలు. 436 రూపాయలది (ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా) ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు ఇస్తుంది, కానీ చేరడానికి 50 ఏళ్లు దాటకూడదు. మీ ఆయనకు 44 అన్నారు కనుక ఆయన పేరు మీద రెండూ తీసుకోండి. రెండూ జూన్ 1 నుంచి మే 31 దాకా నడుస్తాయి, డబ్బు ఖాతాలోంచి దానంతట అదే కోత పడుతుంది. మే నెల చివర్లో ఆయన ఖాతాలో 456 రూపాయలు ఉండేలా చూసుకోండి. నామినీగా మీ పేరు పడిందో లేదో పాస్‌బుక్కు తీసుకెళ్లి అడిగి రండి.